నిమ్మకాయల మీద నడిచిన పడవ

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల దుకాణం పక్కనే ఒక బండ్ల షోరూమ్ ఉంది. మంచిరోజు వచ్చిందంటే చాలు, దాని ముందు కొత్త బండ్లు బారులు తీరతాయి. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. బండి కదలగానే అవి చితికి, ఆ పుల్లటి పచ్చివాసన పెట్రోలు పొగతో కలిసి మా గుమ్మం దాటి లోపలికి వస్తుంది. చీరలు చూస్తున్న ఆడవాళ్లకు అది శుభం వాసన. నాకు మాత్రం కాదు. దాని వెనకే ఇంకో వాసన, కాలుతున్న రబ్బరుది, ఇక్కడెక్కడా లేనిది, నా ముక్కుకు తగులుతుంది. అప్పుడు సుభద్ర మేడం గుర్తొస్తారు. గుర్తు రావడమంటే తియ్యటి సంగతేమీ కాదు. మానుతున్న పుండు మీది పక్కును ఎవరో గోటితో లేపినట్టు ఉంటుంది.

సుభద్ర మేడం మన్సూరాబాద్‌లో ఈత నేర్పేవారు. పుట్టింది గోదావరి ఒడ్డున. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకు "తీరిక దొరకలేదండీ" అని చెప్పేవారు. ఒక ఆసామి కట్టించి వదిలేసిన ఈతకొలనును కిరాయికి తీసుకుని, పాచి కడిగి, ఆడపిల్లల కోసం సాయంత్రాలు విడిగా బ్యాచి పెట్టారు. నేను పదో తరగతి అయిన వేసవిలో అక్కడ చేరాను. తొలిరోజు నీళ్లు నడుము దాటగానే కెవ్వున అరిచి, సగం కొలను తాగేశాను. మేడం నా జబ్బ పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టి, వీపు తట్టి, "చూడు స్వప్నా, నీళ్లలో చేయాల్సింది ఒక్కటే. నోరు మూసుకో, కళ్లు తెరువు. భయం వేస్తే మనిషి దీన్ని తిరగేసి చేస్తాడు. కళ్లు మూసుకుని నోరు తెరుస్తాడు. అందుకే మునుగుతాడు" అన్నారు. తర్వాత నేను నేర్చుకున్న ఈతలన్నీ ఆ ఒక్క మాటకు తోకలే.

నన్ను అక్కడ చేర్చింది మా అమ్మ, బాపుకు చెప్పకుండా. మా తాతలది పోచంపల్లి మగ్గం. బాపు పట్నం వచ్చి దుకాణం పెట్టినా, ఇంటి పరువంటే ఆయనకు నేసిన చీర లాంటిది, ఒక్క పోగు తప్పినా సహించడు. సంగతి తెలిసిన రోజు నేరుగా కొలను దగ్గరికే వచ్చి గేటు దగ్గర నిలబడి గొంతెత్తాడు. "ఆడపిల్లకు గీ ఈతలేంది మేడం? గా బట్టలేంది? నలుగురు సూస్తే మా ఇజ్జత్ ఏం గావాలె?" మేడం వాదించలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొలనుకు వీపు ఉండేలా గోడ వైపు తిప్పి వేశారు. "కూర్చోండి అన్నయ్యగారూ. మీరు చూడొద్దు, వినండి. మీ అమ్మాయి చేతులు నీళ్ల మీద పడే చప్పుడు సమంగా ఉంటే ఇక్కడే ఉంచండి. తప్పితే ఇప్పుడే తీసుకెళ్లిపోండి."

మగ్గం చప్పుడు విని ఎక్కడ పోగు తెగిందో చెప్పే ఇంట్లో పుట్టినవాడు మా బాపు. ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కూర్చున్నాడు. నేను వణుకుతూ ఈ చివర నుంచి ఆ చివరకు ఈదాను. బాపు తల వంచి విన్నాడు. లేచి వెళ్లేముందు గోడకే చెప్పినట్టు, "ఎడమ చెయ్యి జర ఆలస్యంగ వడ్తున్నది, సూసుకో బిడ్డా" అన్నాడు. అది నిజం. అప్పటి నుంచి నన్ను దించడానికి తనే వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆ కుర్చీలో, గోడకు మొహం పెట్టి కూర్చునేవాడు. ఎన్ని పోటీలు గెలిచినా, నేనే అక్కడ చిన్నపిల్లలకు నేర్పే స్థాయికి వచ్చినా, ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మేడం ఆ కుర్చీని అక్కడి నుంచి ఎవరినీ జరపనిచ్చేవారు కాదు.

కొలను ఆసామి ఆ స్థలంలో అపార్టుమెంటు కడతానన్న రోజున మేడం ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. మమ్మల్ని, అంటే పెద్ద పిల్లలం ఎనిమిది మందిని, గట్టు మీద కూర్చోబెట్టి వేక్‌బోర్డింగ్ గురించి చెప్పారు. పడవ ముందు వేగంగా పోతుంటుంది. దాని వెనక కట్టిన తాడు పట్టుకుని, కాళ్లకు ఒక పలక బిగించుకుని, పడవ లేపిన అల మీద మనిషి నిలబడాలి. మేడం వయసులో ఉన్నప్పుడు గోవాలో కొంతకాలం పడవల మీద పనిచేశారట. "వచ్చినవాళ్లందరికీ తాడు అందించడమే నా పని. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు నేనే పలకెక్కాను. ఇన్నేళ్లయినా నా మోకాళ్లకు ఆ అల గుర్తుంది" అన్నారు. ఊరవతల ఒక చెరువులో నేర్పడానికి ఒప్పందం కుదిరింది. కొలను వదిలేసినందుకు తిరిగొచ్చిన అడ్వాన్సు, ఆమె దాచుకున్న నాలుగు రాళ్లు, అంతే పెట్టుబడి. కొత్త పడవ మాట కలలో కూడా ఎత్తే పని లేదు. "పాతదే కొంటాం. కానీ సరైన పాతది కొంటాం. ఇది తప్పితే నాకింకో పడవ లేదర్రా" అన్నారు. పడవ కుదరకపోతే ఆమె ఏదో ఒక బళ్లో విజిల్ ఊదుకుంటూ పిల్లల్ని వరసల్లో నిలబెట్టే ఉద్యోగానికి పోవాలి. మా ఎనిమిది మందికీ నీళ్ల రుణం తీరిపోతుంది.

పడవ వెతకడానికి మేడం వెంట నేనే తిరిగాను. ఆమె దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది కొలనులో కాదు, ఆ తిరుగుళ్లలో. మొదట చూసింది వెనక ఇంజిన్ వేలాడే రకం. కారుచౌక. అమ్మేవాడు తెగ మురిపించాడు. నాకైతే బేరం అయిపోయినట్టే అనిపించింది. మేడం నన్ను పడవ వెనక్కి తీసుకెళ్లి, "తాడు పట్టుకున్న పిల్ల పడిపోయిందనుకో. ఎత్తుకోవడానికి పడవ ఆమె దగ్గరికి రావాలి. నీళ్లను చిలికి పడవను నెట్టే పంకా ఎక్కడుంది?" అని అడిగారు. వెనకే, చేతికందేంత దూరంలో, కత్తుల్లాంటి రెక్కలతో ఉంది. "మనకు ఇంజిన్ కడుపులో ఉండే పడవ కావాలి. పంకా అడుగున, లోపలికి దాక్కుని ఉంటుంది. దానికి ఖర్చెక్కువ, తెలుసు. మిగతా వాటిలో బేరమాడదాం, పిల్లల కాళ్ల దగ్గర ఆడొద్దు" అన్నారు. అమ్మేవాడు వెనక నుంచి ఇంకా తగ్గిస్తానని అరుస్తూనే ఉన్నాడు. మేడం వెనక్కి తిరిగి చూడలేదు.

రెండోది సముద్రం పక్క నుంచి లారీ మీద వచ్చిన పడవ. తెల్లగా, పెళ్లికూతురిలా ఉంది. మేము వెళ్లేసరికే ఇంజిన్ మోగుతోంది. మేడం దాని మీద చెయ్యి పెట్టి చూసి, "మేం రాకముందే ఎందుకు వేడి చేశారండీ?" అని అడిగారు. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే ఇంజిన్‌ను ముందే వేడిచేసి చూపించడం వాళ్ల అలవాటట. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి నా మొహం ముందు పెట్టారు. దానికంటిన ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉంది. అంటే లోపల ఎక్కడో ఉప్పునీళ్లు ఇనుమును తినేసి ఆయిల్లో కలుస్తున్నాయన్నమాట. "పైన పటారం, లోన లొటారం" అని నవ్వేసి, అక్కడే కొబ్బరినీళ్లు తాగించి నన్ను ఇంటికి తీసుకొచ్చారు. ఆ రోజు బస్సులో మేడం కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నారు. నేను తోడున్నానన్న సంగతి మరిచిపోయి, "ఇంక దొరకదేమో" అని తనలో తను అనుకున్నారు. ఆమె నోట ఆ మాట నేను మళ్లీ వినలేదు.

మూడోది బాటసింగారంలో దొరికింది. పండ్ల మార్కెట్లో యాదయ్య సేటు అనే మామిడి వ్యాపారి, మూతపడ్డ ఒక రిసార్టు నుంచి ఆ పడవను తెచ్చుకుని, షెడ్డులో పడేసి, దానిలో ఖాళీ ట్రేలు పేర్చుకున్నాడు. మేడం ట్రేలన్నీ దింపించారు. స్క్రూడ్రైవరు పిడితో పడవ అడుగంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోయారు. గట్టిగా ఉన్నచోట "టక్" మంటుంది. లోపలి చెక్క కుళ్లినచోట "డబ్" మని బోలుగా మోగుతుంది. నన్ను కళ్లు మూసుకుని వినమన్నారు. చివరిదాకా టక్, టక్, టక్. తర్వాత నేల మీద మడమలతో తొక్కించారు, ఎక్కడా మెత్తబడలేదు. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి, ఎలకలు కాపురం పెట్టాయి. ఆయిలు మాత్రం నల్లగా, శుభ్రంగా ఉంది. మంచినీళ్లలో తప్ప ఎన్నడూ తిరగని పడవ. మేడం మొహంలో వెలుగు కనపడనివ్వలేదు, బేరం చెడుతుందని. నాకు మాత్రం తెలిసిపోయింది.

"నీళ్లలో వేసి చూశాకే డబ్బు" అన్నారు. సేటు నోరెళ్లబెట్టాడు. "నీళ్లల్ల ఎయ్యాల్నా? ఏందమ్మా, పండు కోసి సూపెట్టమన్నట్టున్నది!" "మీ మార్కెట్లో కోసి చూపించకుండా ఎవరైనా లాటు కొంటారా సేటు గారూ?" అని మేడం అడిగేసరికి అక్కడున్న హమాలీలు కూడా పకపకా నవ్వారు. సేటు కూడా నవ్వాడు. మామిడి సీజను నెత్తి మీదికొచ్చింది, అతనికి షెడ్డు ఖాళీ కావాలి. మాకు అందే ధరకు దిగాడు.

చెరువులో దించే ముందు మేడం పంపు విప్పి, ఎండిపోయిన రబ్బరు చక్రం తీసేసి కొత్తది బిగించారు. అరచేతిలో పెట్టి నాకు చూపించారు. చేమంతిపువ్వంత ఉంది. "ఇది చెరువు నీళ్లు లాగి ఇంజిన్‌కు తాగిస్తుంది. కారులాగా దీనికి ముందు గాలి తగలదు కదా, నీళ్లే దీని ప్రాణం. నేల మీద ఉండగా తిప్పాలంటే పైపుతో నీళ్లివ్వాలి. పొడిగా తిప్పావో, ముందు ఇది కాలిపోతుంది, తర్వాత ఇంజిన్ పోతుంది. గుర్తుపెట్టుకో" అన్నారు. ఇంత స్పష్టంగా చెప్పిన మనిషి. నేను ఈ మాట తలచుకున్నప్పుడల్లా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం చెరువులో పడవ బ్రహ్మాండంగా నడిచింది. మేడం స్టీరింగు దగ్గర, నేను నీళ్లలో, కాళ్లకు పలకతో. తాడు బిగుసుకుంది. లేచాను, బోర్లా పడ్డాను, ముక్కులోంచి నీళ్లు నెత్తికెక్కాయి. పడవ చుట్టూ తిరిగి నా పక్కకొచ్చింది. పంకా ఎక్కడా కనబడలేదు. "నోరు!" అని అరిచారు మేడం. నోరు మూసుకుని, కళ్లు తెరిచి, మళ్లీ తాడు పట్టుకున్నాను. ఈసారి చెరువు నా కింద గట్టిపడింది. నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. పడవలోంచి మేడం వెనక్కి తిరిగి నన్ను చూస్తూ, నడిపే సంగతి కూడా మరిచి, పిచ్చిదానిలా నవ్వుతున్నారు. నా జీవితంలో నేను సంతోషంగా ఉన్నానని ఒట్టేసి చెప్పగల రోజు అదొక్కటే.

చెరువు దగ్గర రాత్రి కాపలా ఇంకా కుదరక, పడవను చక్రాల ట్రైలరు మీద మన్సూరాబాద్ తెచ్చి కొలను పక్క ఖాళీ జాగాలో నిలిపాం. మర్నాడు చెరువుకు తరలించాలి. ఇంటికెళ్లి చెబితే బాపు, "రేపొద్దుగాల పంతులును తోల్కొస్త. ఎల్లుండి నుంచి మూఢం. పూజ లేకుండ ఆడపిల్లలను నీళ్ల మీదికి ఎట్ల పంపుతరు?" అన్నాడు. నేను ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యాను. ఇన్నేళ్లు గోడను చూసి కూర్చున్న మనిషి, తనంతట తాను ముందుకొస్తున్నాడు.

పొద్దున్నే వచ్చాడు. పట్టుపంచె, చేతిలో కొబ్బరికాయలు, సంచినిండా నిమ్మకాయలు, వెంట కాలనీ గుడి పంతులు. మేడం కుర్చీ తెచ్చి అలవాటు కొద్దీ గోడ వైపు తిప్పి వేశారు. బాపు ఆ కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ఇటువైపు తిప్పుకుని, పడవకూ మాకూ ఎదురుగా కూర్చున్నాడు. మేమంతా ఈత బట్టల మీద టీషర్టులు తొడుక్కుని ఉన్నాం. ఆయన చూపు దించుకోలేదు. 

బండితో పడవను లాగి ట్రైలరు చక్రాల కింది నిమ్మకాయలు చితకగొట్టారు. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! "ఇంజిన్ స్టార్ట్ చెయ్యండమ్మా, హారతి ఇస్తాను" అన్నారు పంతులుగారు. మేడం అది నీళ్లలోనే మొదలుపెట్టాలని చెప్పబోయారు. "చడీచప్పుడు లేని యంత్రానికి పూజేమిటమ్మా? అవతల వర్జ్యం వచ్చేస్తోంది" అన్నారాయన. పైపు చెరువు దగ్గరికి ముందే పంపేశాం. బాపు మొహం చిన్నబోయింది. "ఒక్కపారి మేడం, పిల్లల కోసం" అన్నాడు. మేడం బాపు వైపు చూశారు, తిప్పుకున్న ఆ కుర్చీ వైపు చూశారు. ఒక్క క్షణం తిప్పి ఆపేద్దామనుకున్నారు కాబోలు. తాళం తిప్పారు. ఇంజిన్ భళ్లున మేల్కొంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు బాపుకు ఇంకో ముచ్చట పుట్టింది. "నా బిడ్డ ఒక్కతే గాదు పంతులూ, అందరి పేర్లు సదువుండ్రి. అందరు నా బిడ్డలే" అన్నాడు. పంతులుగారు ఒక్కొక్కరినీ గోత్రం అడగడం మొదలుపెట్టారు. ఇద్దరికి తెలుసు. మిగతావాళ్లు తెల్లమొహం వేశారు. ఒకమ్మాయి ఇంజిన్ మోతకు చెవి మూసుకుని ఫోనులో అరుస్తోంది, "మమ్మీ, మన గోత్రమేంది? గోత్రం! గో... త్రం!" అందరం పడీపడీ నవ్వుతున్నాం. హారతి మధ్యలో ఇంజిన్ ఆపితే అమంగళమని పంతులుగారు ముందే హెచ్చరించారు. కర్పూరం, అగరొత్తులు, నిమ్మ వాసన, వాటి కిందుగా ఇంకేదో. నేను దాన్ని పూజ పొగే అనుకున్నాను. పడవలో కూర్చున్న మేడం ఇంజిన్ వేడిని చూపే ముల్లు పైకెక్కడం చూస్తూ రాయిలా ఉన్నారు. బాపు కళ్లు మూసుకుని, చేతులు జోడించి, పెదాలు కదుపుతున్నాడు. ఎనిమిదో పేరు అయ్యేసరికి ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది. "శుభం" అన్నారు పంతులుగారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా దగ్గర అందరూ ఇచ్చారు, అందరూ చేతులారా ఇచ్చారు, అందుకే పోయింది. మెకానిక్కు విప్పి చూసి, రబ్బరు బూడిదైందని, వేడికి ఇంజిన్ తల వంకర తిరిగిందని, సామాను విదేశం నుంచి తెప్పించాలని, అది చేయించే కంటే ఇంకో పడవ కొనుక్కోవడం మేలని చెప్పాడు. మేడం టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"మీకు తెలుసు కదా మేడం! ఎందుకు ఆపలేదు?" అని దాదాపు అరిచాను.

"మీ నాన్న కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడే. ఎలా ఆపను?"

"బాపుకు చెప్తాను. అందరూ మీరు చెత్త పడవ కొన్నారంటున్నారు."

"అననీ. ఆయనకు మాత్రం చెప్పకు. ఇన్నేళ్లకు ఇటు తిరిగాడు స్వప్నా. ఈ పాపం తన చేతుల మీదుగా జరిగిందని తెలిస్తే మళ్లీ అటు తిరిగిపోతాడు. నామీద ఒట్టు."

అది గొప్ప మనసని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అది తప్పు. ఒక మనిషి మొహం చిన్నబోకుండా ఉండటానికి ఎనిమిది మంది పిల్లల చెరువును, తన బతుకును పణంగా పెట్టడం తప్పు. అంత జాగ్రత్తగా ఎంచిన పడవను, కన్నతల్లి బిడ్డను ఎంచినట్టు తట్టి తట్టి విని ఎంచిన పడవను, నోరు తెరిచి ఒక్క మాట అనలేక చంపుకోవడం తప్పు. నీళ్లలో నోరు మూసుకోమన్నారు సరే, నేల మీద కూడానా? ఈ ప్రశ్న ఆమెను అడగాలని చాలాసార్లు అనుకున్నాను.

అడగలేకపోయాను. మేడం ఎల్బీనగర్‌లో ఒక బళ్లో చేరి, తను వద్దనుకున్న ఆ విజిలే ఊదారు. కొలను మీద అపార్టుమెంటు లేచింది. పడవ ఖాళీ జాగాలోనే ఉండి, వానకు నిండి, దోమలకు ఇల్లయింది. కాలనీవాళ్లు గొడవచేస్తే తుక్కువాడు ముక్కలు కోసి తీసుకుపోయాడు. కోసేటప్పుడు కూడా దాని అడుగు గట్టిగానే మోగింది. ఆ తర్వాతి వేసవిలో మేడం నిద్రలోనే పోయారు. మా ఎనిమిది మందిలో మళ్లీ నీళ్లలో దిగినవాళ్లు లేరు. నేనూ దిగలేదు. బాపు ఇటు తిరిగాడు నిజమే, తిరిగేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు నేను దుకాణంలో కూర్చుంటాను. చీర చేతికిచ్చే ముందు అంచును వేళ్లతో తట్టి చూసే అలవాటు నాకుంది, కొనేవాళ్లు వింతగా చూస్తారు. బాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని, నాకు వీపు పెట్టి, రోడ్డు మీది కొత్త బండ్లను చూస్తుంటాడు. మొన్న మళ్లీ నిమ్మకాయలు చితికాయి. "నీ మేడం మనిషి మంచిదే బిడ్డా" అన్నాడు, మంచిరోజు వచ్చినప్పుడల్లా అనే మాటే. "గని పడవ కొనుడు తెల్వకపాయె ఆమెకు. జర సూసి కొంటే అయిపోతుండె. అంత పూజ చేయించినా నిలవలే."

నోరు మూసుకున్నాను. కళ్లు తెరిచి, చేతిలో ఉన్న చీర మడత పెడుతున్నాను. ఒక మడత, ఇంకో మడత. ఎక్కడో నా చెయ్యి ఆగినట్టుంది.

"ఏమైంది బిడ్డా? చప్పుడు తప్పింది" అన్నాడు బాపు, వెనక్కి తిరగకుండానే.

"ఏం లేదు బాపు" అన్నాను.